పచ్చ పొడి డబ్బా

మా తమ్ముణ్ణి జిమ్ కోచ్ పొట్టన పెట్టుకున్నాడని మా అమ్మ అంటుంది. పలకరించడానికి ఎవరొచ్చినా అదే చెబుతుంది. వచ్చినవాళ్ళు తల ఊపి, ఈ పొడులూ ఈ డబ్బాలూ ఎంతమంది కుర్రాళ్ళ ప్రాణాలు తీస్తున్నాయో అని తమ వంతు నాలుగు మాటలు కలిపి, టీ తాగి వెళ్ళిపోతారు. నేను వంటింట్లో కప్పులు కడుగుతూ వింటాను. ఇరవై మూడు రోజులుగా వింటున్నాను. అది నిజం కాదని ఈ ఇంట్లో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఆ మాటకొస్తే ఇప్పుడీ ఇంట్లో ఉన్నదే మేమిద్దరం.

నాకు ముక్కు మీద కోపం. మందుల షాపులో కౌంటర్ వెనక పద్నాలుగేళ్ళుగా నిలబడుతున్నాను. ఐదురోజులు వాడమన్న మందు రెండురోజులకే ఆపేసి మళ్ళీ దగ్గుతూ వచ్చేవాళ్ళనీ, పక్కింటాయనకి తగ్గింది కాబట్టి అదే మాత్ర తనకీ ఇమ్మనేవాళ్ళనీ వాయించి పంపిస్తాను. మా షాపు ఓనరు చాటుగా నన్ను ‘సూదిమందు’ అంటాడు. అయినా జనం నా దగ్గరికే వస్తారు. తిట్టినా సరైన మందు ఇస్తుందని వాళ్ళ నమ్మకం.

రక్తం పలచన చేసే మాత్ర కొనడానికి ఎవరొచ్చినా నేను చెప్పే మాటలు నాలుగున్నాయి. నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. "ఆకుకూరలు మానొద్దు. ఒక్కసారిగా ఎక్కువా తినొద్దు. రోజూ ఒకేలా తినండి. ఏది మొదలుపెట్టినా, ఏది మానేసినా, ముందు క్లినిక్‌కి ఫోన్ చేసి చెప్పండి." ఆఖరి మాట ఇంకోసారి చెప్పి, వాళ్ళచేత కూడా చెప్పించి, అప్పుడు మందు చేతిలో పెడతాను.

మా తమ్ముడు నాకన్నా ఆరేళ్ళు చిన్న. ఇంట్లో చిన్నోడు అనేవాళ్ళం. నా మాట వినడమనేది వాడి ఒంట్లోనే లేదు. గోడెక్కకురా అంటే ముందు గోడెక్కి, ఆ తర్వాత ఎందుకెక్కకూడదో చెప్పమనేవాడు. వాడికి పదేళ్ళప్పుడు కీళ్ళనొప్పుల జ్వరం ఒకటి వచ్చి పోయింది. పోయిందనే అనుకున్నాం. అది గుండెలోని ఒక వాల్వుని మెల్లగా పాడుచేసుకుంటూ కూర్చుందని వాడికి ఇరవైఎనిమిదేళ్ళు వచ్చాక తెలిసింది.

అప్పటికి వాడు ఇళ్ళ సామాన్లు మార్చే కంపెనీలో పనిచేస్తున్నాడు. ఫ్రిజ్‌ని బెల్టుతో వీపుకి బిగించుకుని నాలుగంతస్తులు ఒక్కడే ఎక్కించేవాడు. తోటివాళ్ళు వాణ్ణి క్రేన్ అని పిలిచేవారు. ఒకరోజు రెండో అంతస్తు మెట్ల మీద ఆ క్రేన్ ఊపిరాడక కూర్చుండిపోయింది. ఆపరేషన్ చేసి లోహపు వాల్వు పెట్టారు. వాడు నోరు తెరిస్తే లోపలి నుంచి టిక్కు టిక్కుమని వినిపించేది. అమ్మ టీవీ సౌండ్ తగ్గించి మరీ వినేది. "ఏంటమ్మా, రేడియో స్టేషన్ దొరికిందా?" అని ఏడిపించేవాడు.

అలాంటి వాల్వు ఉన్నవాళ్ళు బతికినంతకాలం ఆ రక్తం పలచన చేసే మాత్ర వేసుకోవాలి. రక్తం ఎంత పలచగా ఉందో చెప్పే ఒక పరీక్ష ఉంటుంది. వాడి నంబరు రెండున్నరకీ మూడున్నరకీ మధ్యలో ఉండాలి. అంతకు తగ్గితే వాల్వు దగ్గర గడ్డ కడుతుంది. బాగా పెరిగితే ఒంట్లో ఎక్కడో ఒకచోట రక్తం కారుతుంది. వారానికి ఏడు అరలున్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి కొని, ప్రతి ఆదివారం మధ్యాహ్నం నేనే మాత్రలు సర్దేదాన్ని. వాడి చేతికిస్తే మర్చిపోతాడని నా భయం. మూడేళ్ళలో ఒక్క ఆదివారం కూడా నేను మర్చిపోలేదు.

కంపెనీవాళ్ళు వాణ్ణి తీసెయ్యలేదు. టేబుల్ ముందు కూర్చోబెట్టి సామాన్ల జాబితా రాసే పనిచ్చారు. మంచాలు రెండు, బీరువా ఒకటి, అద్దం ఒకటి జాగ్రత్త. బయట లారీ దగ్గర మిగతావాళ్ళు బరువులు మోస్తుంటే వీడు పెన్ను మోసేవాడు. పేరు మాత్రం క్రేనే. "కుర్చీలో కూర్చున్న క్రేన్‌ని ఎక్కడైనా చూశావా అక్కా?" అని ఒకరోజు నన్నడిగాడు. నవ్వుతూనే అడిగాడు గానీ, ఆ రోజు భోజనం సగంలో వదిలేసి లేచాడు.

అలా మొదలైంది జిమ్ గొడవ. వద్దంటే వద్దన్నాను. వాడు వింటేగా! తిన్నగా గుండె డాక్టర్ దగ్గరికి వెళ్ళి, తేలిక బరువులు ఎత్తొచ్చని కాగితం రాయించుకొచ్చి నా ముందు పెట్టాడు. నేను ఆ కాగితం తీసుకుని జిమ్‌కి వెళ్ళాను. టైర్ల షాపు మీద మొదటి అంతస్తు, రబ్బరు వాసన. కోచ్‌కి యాభై దాటి ఉంటాయి. ఒక మోకాలు సరిగ్గా వంగదు. ఆయన్ని నిలబెట్టి గంటసేపు పాఠం చెప్పాను. దెబ్బ తగలకూడదు, ఒంటిమీద బరువు పడకూడదు, అదీ ఇదీ. ఆయన ఓపిగ్గా విని, అన్నీ మావాడి కార్డు మీద రాసుకున్నాడు.

"మందుల సంగతి నాకు తెలీదు మేడమ్. వీడు పౌడర్ లాంటిదేదైనా తాగుతానంటే ముందు మిమ్మల్ని అడిగి రమ్మంటాను" అన్నాడు.

"అలాగే రమ్మనండి, నేను చెప్తా వాడి సంగతి" అన్నాను. పక్కనే నిలబడ్డ తమ్ముడు పైకప్పు కేసి చూస్తున్నాడు.

జిమ్‌లో చేరిన మూడో నెలలో వాడి నంబరు పడిపోయింది. ఒకటీ పాయింట్ ఎనిమిది. "ఆకుకూరలు మేస్తున్నావా ఏంట్రా?" అని నిలదీశాను. లేదన్నాడు. మాత్ర మానేశావా అంటే, డబ్బా చూపించి, అన్ని అరలూ ఖాళీయే కదా అన్నాడు. అదీ నిజమే. క్లినిక్ నర్సు కూడా అవే ప్రశ్నలు అడిగితే నీళ్ళు నమిలాడు. చేసేదేం లేక వాళ్ళు మాత్ర పెంచారు. మొదట కొంచెం, అయినా నంబరు లేవకపోతే ఇంకొంచెం. ఐదు మిల్లీగ్రాములు కాస్తా ఎనిమిదయింది. రోజూ రాత్రి వేసుకునే ఐదు మిల్లీగ్రాముల మాత్రకి తోడు మూడు మిల్లీగ్రాముల చిన్న మాత్ర ఒకటి. నంబరు దారిలో పడింది. ఇంక నెలకోసారి పరీక్ష చాలన్నారు. నేను ఆదివారం ఆదివారం ఒక్కో అరలో పెద్దదీ చిన్నదీ రెండూ వేస్తూ వచ్చాను.

ఒక గురువారం సాయంత్రం అమ్మ కూరగాయలకి వెళ్ళింది. నేను చీపురు పట్టుకుని వాడి గదిలోకి వెళ్ళి, మంచం కింద బూట్లు పక్కకి లాగితే వాటి వెనక ఒక డబ్బా కనిపించింది. మూత తీస్తే పచ్చటి పొడి. ఎండిన ఆకులూ, గడ్డిజాతి మొలకలూ, సముద్రపు నాచూ కలిపి చేసిన బలం పొడి. డబ్బా వెనక చిన్న అక్షరాల్లో రాసిన జాబితాలో విటమిన్ కె ఎంతుందో చూసేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మాత్ర రక్తాన్ని ఎటు లాగుతుందో, విటమిన్ కె సరిగ్గా దాని ఎదురు దిక్కుకి లాగుతుంది. అదే సమయానికి వాడు ఆఫీసు నుంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇదన్నమాట! నీ నంబరు పడిపోయింది ఇందుకన్నమాట!" అని అరిచాను. "నేనక్కడ ఊరందరికీ చెప్పి చస్తున్నాను. నా ఇంట్లోనే, నా ముక్కు కిందే ఈ గడ్డి మేస్తావా? నువ్వు మనిషివా, పశువువా?"

"అది కాదక్కా, దీనివల్లే కాస్త ఓపికొస్తోంది..."

"వస్తుందిరా, అన్నీ వస్తాయి. గుండెలో గడ్డ కడితే అప్పుడు తెలుస్తుంది ఓపిక!"

డబ్బా తీసుకెళ్ళి బాత్రూంలో కుమ్మరించాను. నీళ్ళు మూడుసార్లు కొట్టాల్సొచ్చింది. ఖాళీ డబ్బా కాలితో తొక్కి చెత్తబుట్టలో పడేశాను. వాడు నాతో దెబ్బలాడలేదు. నేను గెలిచాననుకున్నాను. ఆ పూట చాలా రోజుల తర్వాత కడుపునిండా తిని, హాయిగా పడుకున్నాను కూడా. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యమేస్తుంది.

అర్థమయ్యేలా చెబుతాను. పొడి వాడి నంబరుని కిందికి లాగుతోంది. అది లాగుతోందని తెలియకే క్లినిక్‌వాళ్ళు చిన్న మాత్ర కలిపి పైకి తెచ్చారు. పొడీ చిన్న మాత్రా రెండూ ఉన్నంతకాలం నంబరు సరిగ్గానే ఉంది. నేను పొడి తీసేశాను. చిన్న మాత్ర ఉంచేశాను. నంబరు పడిపోవడానికి కారణం పొడేనని నా నోటితోనే అరిచాను. అరిచినదాన్ని, పొడి పోయాక నంబరు ఏమవుతుందని మాత్రం ఆలోచించలేదు. పద్నాలుగేళ్ళు కౌంటర్ దగ్గర అందరిచేతా చెప్పించిన ఆఖరి మాట, "ఏది మానేసినా ముందు చెప్పండి" అన్నది, నా ఇంట్లో నాకు గుర్తు రాలేదు. కోపంలో నాకు ఏదీ గుర్తుండదు. క్లినిక్‌కి ఒక్క ఫోన్ చేస్తే ఆ నర్సు రెండు నిమిషాల్లో చెప్పి ఉండేది. చేద్దామని ఒకసారి అనిపించింది కూడా. మందుల షాపులో పనిచేసే మనిషి తమ్ముడే ఇలా చేశాడంటే నా పరువేం కాను అని ఊరుకున్నాను.

ఆ తర్వాత వచ్చిన ఆదివారం డబ్బా నింపాను. పై ఆదివారమూ నింపాను. ఆ రెండో వారం వాడి మోచేతి పైన నల్లగా కమిలిన మచ్చ కనిపించింది. ఏంట్రా అది అంటే, బెంచీ తగిలిందన్నాడు. "ఇంకా వెళ్ళు జిమ్‌కి!" అని మళ్ళీ తిట్టాను. పళ్ళు తోముకుంటుంటే చిగుళ్ళ నుంచి రక్తం వస్తోందని వాడు అమ్మకి చెప్పాడట. "అక్కతో అనకు, జిమ్ మానిపిస్తుంది" అన్నాడట. అమ్మ అనలేదు. మూడో ఆదివారం కూడా డబ్బా నింపాను. ఆ శుక్రవారమే పరీక్ష ఉంది.

మంగళవారం మధ్యాహ్నం కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. తలనొప్పిగా ఉందన్నాడట, టేబుల్ మీద తల పెట్టుకున్నాడట, తర్వాత ఎంత పిలిచినా లేవలేదట. నేను షాపు చెప్పులతోనే ఆసుపత్రికి పరిగెత్తాను. నంబరు ఎనిమిది దాటింది. తలలో రక్తస్రావం. డ్యూటీ డాక్టరమ్మ చేతిలో కాగితం పట్టుకుని నన్నూ అమ్మనీ అడిగింది.

"ఈమధ్య కొత్తగా ఏమైనా తీసుకున్నాడా? ఏమైనా మానేశాడా?"

ఆ రెండో ప్రశ్న దగ్గర నాకు తెలిసిపోయింది. నోరు తెరిచాను. "జిమ్‌లో ఏదో పొడి తాగేవాడండీ" అన్నాను. అంతే అన్నాను. అది అబద్ధం కాదు. మిగతా సగం గొంతులోనే ఉండిపోయింది. ఆ మాత్రకి విరుగుడు ఎలాగూ ఎక్కిస్తున్నారు కదా, చెప్పినా చెప్పకపోయినా ఒకటే కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. పక్కనున్న అమ్మ మాత్రం ఆ ‘జిమ్‌లో ఏదో పొడి’ అన్న మాట పట్టుకుంది. గురువారం పొద్దున చిన్నోడు పోయాడు. ఆ టిక్కు టిక్కు ఆగినప్పుడు అమ్మ చెవి వాడి ఛాతీ మీదే ఉంది.

పదోరోజున అమ్మ జిమ్‌కి వెళ్ళింది. వద్దన్నా ఆగలేదు, వెంట నేనూ వెళ్ళాను. మెట్ల మీద నిలబడి, లోపల బరువులెత్తుతున్న పదిమందీ, కింద టైర్ల షాపువాళ్ళూ వినేలా కోచ్‌ని తిట్టింది. "నా కొడుకు చేత విషం తాగించావు. నువ్వు బాగుపడవు" అంది. కోచ్ ఆ వంగని మోకాలితో ఒక పక్కకి ఒరిగి నిలబడి, తల దించుకుని మొత్తం విన్నాడు. ఒకసారి తలెత్తి నాకేసి చూసి, మళ్ళీ దించుకున్నాడు. నేను అమ్మ మోచెయ్యి పట్టుకుని నిలబడ్డాను. నేనూ ఏం మాట్లాడలేదు.

ఈరోజు షాపు నుంచి వస్తూ జిమ్ మెట్లెక్కాను. వాడి బ్యాగు అక్కడే ఉందని కోచ్ కబురు పెట్టాడు. లోపల ఒక్కడే ఉన్నాడు. సాయంత్రం వేళ కిక్కిరిసి ఉండే గది, ఇనుప ముక్కలన్నీ వరసగా సర్ది ఉన్నాయి. అమ్మ వచ్చి వెళ్ళాక సగానికి పైగా మానేశారట. అది కూడా నేను అడిగితేనే చెప్పాడు. బ్యాగు ఇచ్చి, దాని మీద వాడి కార్డు పెట్టాడు.

కార్డు మీద పైన నేను ఆరోజు చెప్పినవన్నీ వరసగా ఉన్నాయి. దెబ్బ తగలకూడదు. బరువు మీద పడకూడదు. కింద వేరే తేదీతో, అదే చేతిరాతతో ఇంకో రెండు ముక్కలున్నాయి. పచ్చ పొడి, రోజూ పొద్దున ఒకే చెంచా, మార్చకూడదు. అక్కని అడిగాడు, ఆవిడ సరేనంది.

ఆ ఆఖరి ముక్క రెండుసార్లు చదివాను.

"నన్నడిగానని వాడు చెప్పాడా?"

"అడిగే వచ్చానన్నాడు మేడమ్. రోజూ ఒకేలా తాగితే ఫరవాలేదు, ఎక్కువ తక్కువ చెయ్యకూడదని మీరన్నారని చెప్పాడు. అందుకే రాసుకున్నా."

మాట నాదే. కౌంటర్ దగ్గర వందసార్లు విని ఉంటాడు. నన్నడిగితే తిడతానని, నేను చెప్పబోయే జవాబు వాడే చెప్పుకున్నాడు. అంతవరకూ సరిగ్గానే చెప్పుకున్నాడు. క్లినిక్‌కి చెప్పాలన్న ముక్క మాత్రం మింగేశాడు, చెబితే అది తిరిగి నా చెవినే పడుతుంది కాబట్టి. వాడు భయపడింది గడ్డకో రక్తానికో కాదు. నా నోటికి.

"మా అమ్మ అన్నన్ని మాటలంటుంటే ఈ కార్డు చూపించొచ్చు కదండీ" అన్నాను.

ఆయన బరువుల మీద దుమ్ము లేకపోయినా గుడ్డతో తుడుస్తున్నాడు. "ఆవిడకి కొడుకు పోయాడు మేడమ్. ఈ కార్డు చూపించి కూతుర్ని కూడా దూరం చెయ్యమంటారా?"

నేను అక్కడున్న బెంచీ మీద కూలబడి ఏడ్చాను. ఆసుపత్రిలో ఏడవలేదు, ఇంట్లో ఏడవలేదు, ఎవరో పరాయి మనిషి ముందు వెక్కి వెక్కి ఏడ్చాను. నేను సరేననలేదని చెప్పాను. పొడి పారేసిన సంగతి, చిన్న మాత్ర సంగతి, డాక్టరమ్మ ముందు మింగేసిన సగం, అన్నీ చెప్పాను. ఆయన గుడ్డ పక్కన పెట్టి విన్నాడు. ఓదార్చలేదు. తిట్టనూ లేదు. "వాడి గ్లవ్స్ బ్యాగులోనే ఉన్నాయమ్మా" అని మాత్రం అన్నాడు. అంతవరకూ మేడమ్ అని పిలిచిన మనిషి.

ఇంటికొచ్చేసరికి అమ్మ ముందుగదిలో కూర్చుని వాడి చొక్కాలు మడతపెడుతోంది. నేను బ్యాగు కింద పెట్టి, చెప్పులైనా విప్పకుండా, "అమ్మా, ఆ కోచ్‌ని ఇంకెప్పుడూ ఏమీ అనకు" అన్నాను.

"ఎందుకనకూడదు? వాడి పొడి వల్లే కదా..."

"పొడి వల్ల కాదమ్మా. పొడి పారేసినందువల్ల. పారేసింది నేను."

వంటింటి అరలో మాత్రల డబ్బా ఇంకా అలాగే ఉంది. తెచ్చి అమ్మ ముందు పెట్టాను. ఆదివారం, సోమవారం ఖాళీ. మంగళవారం నుంచి శనివారం దాకా ఒక్కో అరలో పెద్ద మాత్ర ఒకటీ, చిన్నది ఒకటీ. చిన్నది వేలితో చూపించి, మొదటి నుంచీ చెప్పాను. ఈసారి సగం మింగలేదు.

అమ్మ ఆ డబ్బా కేసి చూసింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననీ అనుకున్నాను. చేతిలో ఉన్న చొక్కా మడత విప్పి, మళ్ళీ మొదటి నుంచి పెట్టింది.

"నువ్వు పారేస్తుంటే వాడు ఇంట్లోనే ఉన్నాడా?" అంది.

"ఉన్నాడు. గుమ్మంలో నిలబడి చూశాడు."

"దెబ్బలాడలేదూ?"

"లేదమ్మా."

"నువ్వు ఏదైనా వద్దంటే ఇల్లు పీకి పందిరేసేవాడే! ఏమీ అనకుండా ఊరుకున్నాడా?"

ఊరుకోలేదు. నేను డబ్బా తొక్కి చెత్తబుట్టలో వేసి, రొప్పుతూ వచ్చి వాడి ఎదురుగా నిలబడ్డాను. వాడు నా మొహం చూసి, నా చేతులకంటిన పచ్చటి పొడి చూసి, తువ్వాలు తెచ్చి నా చేతిలో పెట్టాడు. అప్పుడన్నాడు. ఈ ఇరవై మూడు రోజులూ నా చెవిలో ఇంకే మాటా లేదు.

"‘సరేలే అక్కా, పుట్టి బుద్ధెరిగి ఎప్పుడూ నీ మాట వినలేదు కదా, ఈ ఒక్కసారికి వింటాలే’ అన్నాడమ్మా."

అమ్మ చేతులు చొక్కా మీద ఆగిపోయాయి.

"విన్నాడా?" అంది.

"విన్నాడమ్మా. మళ్ళీ ముట్టుకోలేదు."